తప్పుల బుక్కు – తొమ్మిదో భాగం: పసుపు ఎర్రబడ్డ కడాయి

పోయిన వారం మీరు నన్ను జీపులో కూర్చోబెట్టి వదిలేశారు. నేనింకా అక్కడే ఉన్నాను. పక్కన మహాదేవప్ప పటేలు, ఒళ్లో పదో తరగతి పబ్లిక్ పరీక్ష దరఖాస్తుల ఫైలు, కాళ్ల దగ్గర తువ్వాల్లో మూటకట్టిన నల్లటి బెల్లం ముద్ద. మొగుడంపల్లి నుంచి జహీరాబాదు దాకా పటేలు ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. నోరు తెరిస్తే నా సంతోషం బయటపడిపోతుందేమోనని భయం.

సంతోషం ఎందుకంటారా? ఆ సాయంత్రంతో మనోరమ ట్యూషన్ మూతపడుతుందని. దాచుకోవడం దేనికి, రెండేళ్లుగా నేను కోరుకుంటున్నది అదే.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్లకు సంగతి చెప్పాలి కదా. నా పేరు అమర్నాథ్. జహీరాబాదులో ఒక హైస్కూల్లో సైన్సు సారుని, పదో తరగతి బి సెక్షన్‌కు క్లాస్ టీచర్ని. పదకొండేళ్లుగా నా నోట్సు బట్టీపట్టి గట్టెక్కిన పిల్లలు ఈ తాలూకాలో ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. మనోరమ బీదర్లో ఒక దవాఖాన ల్యాబులో అయిదేళ్లు పనిచేసి, తల్లి మంచాన పడితే తిరిగొచ్చి, బస్టాండు వెనక సందులో అద్దె ఇంటి వరండాలో సైన్సు ట్యూషన్ పెట్టింది. వచ్చిన ఏడాదే నా దగ్గరి పిల్లలు ఒక్కొక్కరే అటు జారుకున్నారు. పోతే పోయారు, అక్కడ ఒక రోగం తగిలించుకుని మళ్లీ నా క్లాసులోకే వచ్చేవారు. నేనేం చెప్పినా ఎవడో ఒకడు లేచి, మీకెట్ల తెల్సు సార్ అనేవాడు. వెటకారమైతే బెత్తం తీసేవాణ్ని. నిజంగానే తెలుసుకుందామని అడిగేవారు. ఒళ్లు మండేది అందుకే.

ఆమె పద్ధతి వినండి, మీరే చెప్పండి. పిల్లల్లో ఒక్కొక్కరికీ ఒక తప్పుల బుక్కు. ఒప్పులకు బుక్కు లేదు, తప్పులకు ఉంది! పేజీకి నాలుగు గళ్లు. నేను అనుకున్నది ఒకటి, అది ఎక్కడ నేర్చుకున్నాను అన్నది ఒకటి, చేసి చూస్తే కనబడ్డది ఒకటి. నాలుగో గడిలో ఆ తప్పు ఎవరిదైతే వాళ్ల సంతకం. పుస్తకంలోదైతే పుస్తకం పేరు రాయాలి. ఇంట్లో అమ్మ చెప్పిన మాట తప్పని తేలితే అమ్మ చేత సంతకం పెట్టించుకు రావాలి, సంతకం రాకపోతే వేలిముద్ర. కూరగాయలమ్మే ఎంకమ్మ మనవరాలి బుక్కులో వేలిముద్ర వేసి, ఆ వేలిని చీర కుచ్చెళ్లకు తుడుచుకుంటూ నవ్వుకోవడం బజార్లో నేనే చూశాను. పెద్దవాళ్ల చేత తప్పు ఒప్పించడం కూడా ఒక చదువేనా అని స్టాఫ్ రూములో వారం రోజులు వాగాను.

ఇక కడాయి సంగతి. ఎనభై రెండు డిసెంబరు, గానుగలు ముమ్మరంగా ఆడుతున్న రోజులు. చెరుకు రసం కాగేటప్పుడు అందులో పులుపు విరగడానికి సున్నపు నీళ్లు పోస్తారు. తక్కువైతే బెల్లం గట్టిపడదు, ఎక్కువైతే నల్లబడి పాడవుతుంది. పటేలు గానుగలో ముప్పై ఏళ్లుగా సున్నం పోసేది సంగప్ప ఒక్కడే. ఆదివారం సంగప్పకు జ్వరం వచ్చింది. పటేలు రాయికోడు వెళ్లి ఉన్నాడు. రసం కాగిపోతుంటే కూలీలు కడాయి చుట్టూ మొహమొహాలు చూసుకుంటూ నిలబడ్డారు. అప్పుడు పటేలు కూతురు భాగీరథి, నా క్లాసులో ఫస్టు వచ్చే పిల్ల, జరగండి నేను చూస్తానని ముందుకొచ్చింది. పసుపు పూసిన కాగితాలు ముంచుతూ, కాగితం ఎర్రబడేదాకా సున్నపు నీళ్లు పోయించింది. కడాయి మొత్తం బొగ్గయింది. పటేలు ఇల్లు చేరి ఆ ముద్దలు చూసింది మంగళవారం మధ్యాహ్నం. సరిగ్గా అదే వేళకు, ఒక పూట సెలవు పెట్టి, భాగీరథి ఫారం మీద తండ్రి సంతకం కోసం నేను ఆయన గుమ్మంలో అడుగుపెట్టాను. మర్నాడు పన్నెండు గంటల్లోపు ఫారాలన్నీ పోవాలి. పసుపు కాగితాలు మనోరమ ట్యూషన్‌లోవే అని చెప్పింది ఎవరంటారా? ఇంకెవరు, నేనే.

జీపు బస్టాండు వెనక సందు మొదట్లో ఆగింది. డ్రైవరు శరణప్ప ముద్దను ఎత్తుకుని వెనక నడిచాడు.

వరండాలో గోనె పట్టాల మీద పద్నాలుగు మంది పిల్లలు. ఒక్కొక్కరి ముందు ఒక స్టీలు గ్లాసు. ఒకదాంట్లో చింతపండు నీళ్లు, ఒకదాంట్లో సబ్బు నురగ, ఇంకోదాంట్లో ఏదో బూడిద. మనోరమ మధ్యలో పీట మీద కూర్చుని ఎవరి గ్లాసులోకో తొంగి చూస్తోంది. భాగీరథి గోడవైపు కూర్చుని ఉంది. తండ్రిని చూడగానే లేచి నిలబడింది. పారిపోలేదు. నాకు ఆ సంగతి ఇప్పటికీ గుర్తే.

పటేలు శరణప్ప చేతిలోంచి మూట లాక్కుని, తువ్వాలు విప్పి, ముద్దను పిల్లల మధ్యలో విసిరేశాడు. రెండు గ్లాసులు దొర్లిపోయాయి. చింతపండు నీళ్లు పట్టాల మీద పారాయి.

"గిదేనా నువ్వు చెప్పే చదువు?" అన్నాడు.

ఆడ టీచర్లను ఆయన ఎప్పుడూ మీరు అనే అంటాడు. నువ్వు అనడం అదే మొదటిసారి. నా కడుపు చల్లబడింది. సందులో వాళ్లు ఒక్కొక్కరే వచ్చి గోడ మీద చేతులానించి నిలబడ్డారు. ఎదురింటి సుగుణమ్మ పొయ్యి మీద పప్పు వదిలేసి వచ్చింది. లోపల మంచం మీదనుంచి మనోరమ తల్లి, ఎవరొచ్చిన్రు బిడ్డా అని దగ్గుతూ అడిగింది.

మనోరమ చేసిన పని చూడండి. లేవలేదు, దండం పెట్టలేదు. వంగి ఆ ముద్దలో చిన్న పలుకు విరిచి నోట్లో వేసుకుంది. మొహం చిట్లించింది. ఇంకో పలుకు విరిచి పక్కనున్న పిల్లకిచ్చింది, అందరూ తలా కొంచెం నాకి ఏం తెలుస్తోందో రాయమంది. ఇంటి మీదికి గొడవకొచ్చిన మనిషి ముందు పాఠం! పద్నాలుగు పెన్సిళ్లూ కదిలాయి. పటేలు మెడ నరాలు ఉబ్బడం నాకు కనిపిస్తూనే ఉంది.

తర్వాత ఆమె పటేలు వైపు తిరిగి, సంగప్ప సున్నం ఎప్పుడు ఆపుతాడు, ఏం చూసి ఆపుతాడు అని అడిగింది. నిజంగా తెలుసుకోవాలని ఉన్న గొంతే. నా క్లాసులో పిల్లలు అడిగే గొంతు ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. పటేలుకు ఇంకా మండిపోయింది. నా గానుగ లోపలి సంగతి నీకెందుకు, నా బెల్లం పాడుచేసి నాకే ప్రశ్నలా అని అరిచాడు. ఆ సందులో ఇక ట్యూషన్ నడవడానికి వీల్లేదన్నాడు. ఇంటి యజమానితో తనే మాట్లాడతానన్నాడు. మొత్తం సందు వినేలా, నాకేం రాదు, నేను పిల్లలను చెడగొట్టిన అని ఆమె నోటితోనే చెప్పాలన్నాడు.

"నా తప్పెంతనో చూసి చెప్త పటేలా," అంది మనోరమ. "బుక్కుల రాసి ఉన్నది. భాగీరథీ, నీ బుక్కు మీ అప్పకియ్యి."

భాగీరథి సంచిలోంచి అట్ట చిరిగిన నోట్‌బుక్కు తీసి, పేజీ తెరిచి తండ్రికి అందించింది. పటేలు దాన్ని పట్టుకుని ఒక క్షణం చూశాడు. చూసి నా చేతిలో పెట్టాడు.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. మహాదేవప్ప పటేలు తెలుగు గలగలా మాట్లాడతాడు, అక్షరం రాదు. నిజాం కాలంలో ఉర్దూ బడిలో చదివాడు. ఇంట్లో కన్నడం. సంతకం కుడినుంచి ఎడమకు పెడతాడు. ఆయన తరం వాళ్లు ఈ వైపు ఊళ్లలో చాలామంది అంతే, అందులో చిన్నతనం ఏమీ లేదు. కాకపోతే తెలుగు కాగితం చేతికొస్తే ఎవరో ఒకరు చదివి పెట్టాలి.

"మీరు చదువుండ్రి సార్. అందరికి వినబడాలె," అన్నాడు.

నేను గొంతు సవరించుకున్నాను. పదకొండేళ్లుగా క్లాసులో చదివిన గొంతు, సందు చివరిదాకా వినబడుతుంది. మొదటి గడి చదివాను. "నేను అనుకున్నది. పసుపు కాగితం ఎర్రబడగానే రసంలో పులుపు సరిగ్గా పోయినట్టు. అక్కడ సున్నం ఆపాలి."

కళ్లు రెండో గడి మీదికి వెళ్లాయి. ఎక్కడ నేర్చుకున్నాను. దాని కింద గుండ్రటి అక్షరాలతో, 'బడిలో అమర్నాథ్ సారు నోట్సు, నలభై ఒకటో పేజీ' అని రాసి ఉంది.

నలభై ఒకటో పేజీ నాకు నోటికి వచ్చు. పసుపు కాగితము ఎర్రబడినచో ఆమ్లము సరిగా తటస్థీకరింపబడినదని గ్రహించవలెను. మా సారు మాకు చెప్పి రాయించిన వాక్యం. ఆయనకు ఎవరు రాయించారో తెలియదు. పదకొండేళ్లు నేను పిల్లలకు చెప్పి రాయించాను. మా బడి ల్యాబు బీరువాకు తాళం వేసి ఉంటుంది, తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. ఒక్కసారైనా పసుపు కాగితం సున్నంలో ముంచి ఎర్రబడటం నా కళ్లతో చూశానా? చూడలేదు. ఎప్పుడు ఎర్రబడుతుందో, పులుపు పోగానేనా, పోయి ఇంకా ఎక్కువయ్యాకనా? ఏమో. మీకెట్ల తెల్సు సార్ అని అడిగినప్పుడు అడిగినవాణ్ని కూర్చోబెట్టానే తప్ప, ఆ ప్రశ్న నన్ను నేను వేసుకోలేదు.

గోడ దగ్గర ఎవరో, ఏమాయె సార్ ఆగిన్రు అన్నారు.

నేను రెండో గడి దాటేశాను. అవును, దాటేశాను. ఇవాళ మీ ముందు రాస్తుంటే చేతికి సిగ్గుగా ఉంది, ఆరోజు మాత్రం నాలుక తడబడలేదు. మూడో గడిలో కింద ఎర్ర సిరాతో మనోరమ చేతిరాత ఉంది. 'నాకు తెలియదు. చిన్న గిన్నెలో కొంచెం రసం తీసుకుని చేసి చూసి చెప్పు.' దాని కింద మళ్లీ భాగీరథి రాత. 'చిన్న గిన్నెలో చేయలేదు. నేరుగా కడాయిలో చేశాను. తప్పు నాది.' పక్కన నాలుగో గడిలో ఆ పిల్ల సంతకం. దానికి పైన, రెండో గడికి ఎదురుగా, ఇంకో సంతకానికి జాగా వదిలి ఉంది.

"టీచరమ్మ రాసింది," అన్నాను పైకి. "నాకు తెలియదు."

అంతవరకే చదివి బుక్కు మూశాను. వేలు మాత్రం పేజీలోనే ఉండిపోయింది.

గోడ దగ్గర నవ్వు లేచింది. తెల్వనోళ్లు ట్యూషన్ ఎట్ల చెప్తరు అన్నారెవరో. సుగుణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె మనవడు కూడా ఆ గోనె పట్టాల మీదే కూర్చుని ఉన్నాడు. ఆ పిల్లవాడు నవ్వలేదు, నావైపు చూశాడు.

మనోరమ నవ్వులు సద్దుమణిగేదాకా ఆగింది. తర్వాత నన్నే అడిగింది.

"అయిపోయిందా సార్? ఇంకేం లేదా ఆడ?"

ఆమెకు తెలుసు. ఆ పేజీ ఆమె చదివి, దిద్ది, ఎర్ర సిరాతో రాసిన పేజీ. తనే నోరు విప్పి చెప్పేయవచ్చు. చెప్పలేదు. నాకు ఒక దారి తెరిచి పెట్టి నిలబడింది. అంతమంది ముందు నాకు దారి చూపించడానికి నువ్వెవరివి అనిపించింది. పౌరుషం తన్నుకొచ్చింది.

"ఇంతే," అన్నాను.

భాగీరథి తలెత్తి నన్ను చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. లెక్క తప్పు చేసిన చిన్నపిల్లవాణ్ని చూసినట్టు చూసింది. మూడేళ్లు నా క్లాసులో ముందు బెంచీలో కూర్చున్న పిల్ల అది.

పటేలు ఫారం ఇవ్వమని నా వైపు చేయి చాపాడు. ఫైలులోంచి తీసి, సంతకానికని నా పెన్ను కూడా ఇచ్చాను. నా లెక్క వేరే ఉంది. టీచరమ్మ సంగతి తేలిపోయింది, కోపం దిగిపోతుంది, సంతకం పెట్టేస్తాడు, పిల్ల పరీక్ష రాస్తుంది. మనోరమ పోవాలి, భాగీరథి కాదు. ఆ పిల్ల మీద నాకేం కక్ష? కక్ష లేకుండానే ఆ పిల్లను బావిలోకి తోశానని అర్థం కావడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

పటేలు ఫారాన్ని మడిచాడు. ఇక బడీ లేదు, పరీక్షా లేదన్నాడు. తెలియని టీచరు చెప్పిన మాట విని ముప్పై ఏళ్ల గానుగ పేరు పాడుచేసిన పిల్లకు ఇంకా ఏం చదువు అన్నాడు. రేపటినుంచి ఇంట్లో ఉంటుంది అన్నాడు. ఫారాన్ని రెండుగా చించడానికి రెండు చివరలూ పట్టుకున్నాడు.

నేను, పటేలా, జర ఆగుండ్రి అన్నాను. ఎంత నెమ్మదిగా అన్నానంటే నాకే వినబడలేదు.

మనోరమ లేచింది. అప్పుడే లేచింది. చింపండి పటేలా, మీ బిడ్డ, మీ ఇష్టం, కానీ ఒక గ్లాసు రసం తాగి చింపండి అంది. రసంలో సున్నం వేస్తూ కాగితం ముంచి చూపిస్తామని చెప్పేదాకా పటేలుకు అర్థం కాలేదు. బస్టాండు దగ్గర వీరప్ప చెరుకు రసం బండి ఉంది, ఇద్దరు పిల్లలు అప్పటికే పరుగెత్తారు. నీ కాయిదాలతో నాకు పాఠం చెప్తవా, రుచి చూసి ఆపే సంగప్ప నాలుక కన్న, నా నాలుక కన్న నీ పసుపు ఎక్కువనా అని పటేలు గుడ్లురిమాడు.

"నాకు మీ నాలుకే కావాలె పటేలా," అంది ఆమె. "సంగప్ప లేడు. సంగప్ప నాలుక ఎట్లుంటదో మీకే తెల్సు."

నిజమే. చెరుకు మీద బతికిన మనిషి, ఆ మాట కాదనలేడు. గోడ మీద చేతులానించిన వాళ్లు కూడా, కానియ్యండి పటేలా అన్నారు, తమాషా చూడటానికే కావచ్చు. ఎవరో కుర్చీ తెచ్చి వేశారు. ఆయన కూర్చున్నాడు, ఒక చేతిలో మడిచిన ఫారం, ఇంకో చేతిలో నా పెన్ను. నాకెవరూ కుర్చీ వేయలేదు.

రసం వచ్చింది. మనోరమ ముట్టుకోలేదు. భాగీరథే కూర్చుని స్టీలు గ్లాసులో రసం పోసి, పక్కన కొంచెం సున్నం నీళ్లలో పలచగా కలుపుకుంది. పని ఒద్దికగా చేసింది. అయిదేసి చుక్కలు వేయడం, కలపడం, పసుపు కాగితం ముక్క ముంచి పట్టా మీద వరసగా పెట్టడం, చెంచాతో తండ్రికి రుచి చూపించడం. మొదటి చెంచాకు పటేలు, పచ్చి రసం అన్నాడు. రెండో చెంచాకు తల అడ్డంగా ఊపాడు. మూడో చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నాలుకను అంగిలికి తగిలించి టక్కుమనిపించాడు. సంగప్ప కూడా అలాగే చేస్తాడట.

"ఇగ సాలు," అన్నాడు. "గీడ ఆపుతడు."

అందరం కాగితం వైపు చూశాం. మూడో ముక్క పచ్చగా ఉంది. పసుపు పసుపులాగే ఉంది.

భాగీరథి ఆపలేదు. ఇంకో అయిదు చుక్కలు వేసింది. కాగితం పచ్చగానే ఉంది. ఇంకో అయిదు వేసింది. ముక్క తీసి వరసలో పెడుతుండగానే అంచునుంచి ఎరుపు పాకింది, పెళ్లికూతురి కాళ్ల పారాణి రంగులోకి తిరిగింది. తండ్రికి చెంచా అందించింది. ఆయన నోట్లో పెట్టుకున్నవాడు పెట్టుకున్నట్టే లేచి వరండా అంచుకు వెళ్లి ఉమ్మేశాడు.

"సున్నం," అన్నాడు. "మొన్నటి కడాయి గిదే."

మిగతా పదమూడు మందీ రాసుకుంటున్నారు.

"కాయిదం ఆలస్యంగ చెప్తది అప్పా," అంది భాగీరథి. "నీ నాలుక ముందుగాల చెప్పింది. చిన్న గిన్నెల చేసి చూసుంటే నాకు గప్పుడే తెలుస్తుండె. చెయ్యలే, కడాయిల పోయించిన. గది నా తప్పు. రాసి సంతకం పెట్టిన. ఇయ్యాల ఇంటికొచ్చి నీకు చెబుదామనుకున్న."

పటేలు ఆ అయిదు కాగితం ముక్కలనూ ఒక్కొక్కటే చూశాడు. ఒకదాన్ని తీసి వేళ్ల మధ్య నలిపాడు. మడిచిన ఫారాన్ని తొడమీద పెట్టుకుని చదును చేశాడు. నా పెన్ను మూత తీశాడు. పెట్టేయ్ నాయినా, పెట్టేయ్, ఇక ఏమీ అడక్కు అని లోపల మొక్కుకున్నాను.

పెన్ను ఫారం దాకా వచ్చి ఆగింది.

ఒక్క ముచ్చట తేలాలన్నాడు. ఎర్రబడ్డాక ఆపాలన్న మాట ఎక్కడినుంచి వచ్చింది? టీచరమ్మ తెల్వదన్నది, సారే చదివి వినిపించిండు. సంగప్ప అట్ల చెప్పడు. మరి ఈ పిల్ల సొంతంగా పుట్టించిన మాటేనా? ఎవరో పెద్దమనిషి నేర్పితే నమ్మి చేసిందంటే అది వేరే సంగతి, సంతకం పెడతానన్నాడు. తన తెలివి తనకే ఎక్కువై, లేని మాట పుట్టించుకుని కడాయిలో చేయిపెట్టే పిల్లయితే, అటువంటి పిల్లకు ఇంకా చదువు పెడితే రేపు ఇల్లే కాలుస్తుందన్నాడు.

"చెప్పు బిడ్డా. ఎవరు చెప్పిన్రు నీకు?"

భాగీరథి మనోరమ వైపు చూసింది. మనోరమ కళ్లు బుక్కు మీద ఉన్నాయి. భాగీరథి నావైపు తిరిగింది. ఏళ్ల తరబడి సార్ సార్ అన్న నోటితో నలుగురిలో నా పేరు చెప్పలేకపోయింది. అంత అన్యాయం జరిగాక కూడా నా మర్యాద ఆ పిల్లే కాపాడుతోంది. పుట్టి బుద్ధెరిగాక అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

"బుక్కుల ఉన్నది అప్పా," అంది. "సారు చేతుల."

బుక్కు నా చేతిలోనే ఉంది. వేలు పేజీలోనే ఉంది. నేను చెప్పింది పటేలా అంటే చాలు, మూడు మాటలు. పిల్ల పరీక్ష రాస్తుంది. రేపటినుంచి బజార్లో నేను తలెత్తుకుని నడవలేను, అంతే కదా. అంతే అని ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు బుక్కును ఇంకా గట్టిగా పట్టుకున్నాను. నోరు తెరిచాను కూడా. గాలి తప్ప ఏమీ రాలేదు.

పటేలు నన్ను ఎగాదిగా చూశాడు. మనుషులను కూలికి పెట్టుకుని నలభై ఏళ్లు పని చేయించుకున్న మనిషి, ఎవడు ఎందుకు నీళ్లు నములుతున్నాడో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. కుర్చీలోంచి లేవకుండానే చేయి చాపి నా వేలి కిందినుంచి బుక్కు లాగేసుకున్నాడు. పేజీ మారకుండా బొటనవేలు అడ్డం పెట్టాడు.

"శరణప్పా, ఇటు రా. నీకు తెలుగొస్తది గద?"

గోడ దగ్గర బీడీ ఆర్పుతున్న డ్రైవరు గాబరాగా వచ్చాడు. ఏడో తరగతి దాకా చదివిన పటేలా, మెల్లగొస్తది అన్నాడు.

"మెల్లగనే చదువు. ఒక్క మాట ఇడవకుంట."

శరణప్ప బుక్కును సాయంత్రపు వెలుతురుకు తిప్పి పట్టుకున్నాడు. వేలితో గీత వెంట పోతూ, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ మొదటి గడి చదివాడు. పసుపు కాగితం, ఎర్రబడగానే, పులుపు, సరిగ్గా. అందరూ ఇంతకుముందు నా గొంతులో విన్న మాటలే. వేలు కిందికి జరిగింది. ఎక్కడ నేర్చుకున్నాను అని చదివి, ఇంకో రెండు మాటలు లోలోపల చదువుకుని ఆగిపోయాడు. పటేలు మొహం, నా మొహం మార్చి మార్చి చూశాడు.

"పటేలా," అన్నాడు. "ఈడ సారు పేరున్నది. సంతకం జాగ మాత్రం ఖాళీ ఉన్నది."

పటేలు నాకేసి తిరిగాడు. నా పెన్ను, మూత తీసి, ఇంకా ఆయన చేతిలోనే ఉంది. దాన్ని నా వైపు చాపాడు.